పురుగు పెరిగిందా, తగ్గిందా?

బండి ఆత్మకూరు మండలంలో ఏ ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నా ఒకదానికొకటి పొసగని రెండు మాటలు వినిపిస్తాయి. పంట పెట్టినవాళ్లు పురుగు ఎక్కువైందంటారు. మొక్కజొన్నలో కత్తెర పురుగు, పత్తిలో గులాబీ రంగు పురుగు, మిర్చిలో తామర పురుగు, వరిలో సుడిదోమ. మందు మార్చి మందు కొట్టినా లొంగడం లేదంటారు. అదే అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లు పురుగులే కనబడటం లేదంటారు. తొలకరి జల్లు పడిన రాత్రి దీపం ఆర్పుకుని అన్నం తినాల్సి వచ్చేదనీ, ఉసిళ్లు అంతగా ముసిరేవనీ చెబుతారు. ఎర్రమఖమల్ ముక్కలా దుక్కిలో పాకే ఆరుద్ర పురుగును మనవళ్లు చూడనే లేదని వాపోతారు. ఒకప్పుడు బండి మీద నంద్యాల నుంచి వెలుగోడు దాకా రాత్రిపూట వస్తే కళ్లలో పడే రెక్కల పురుగులకు లెక్కే ఉండేది కాదు.

ఇద్దరిలో ఎవరిది అబద్ధం? ఎవరిదీ కాదు. ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే పురుగుల గురించి కాదు, అంతే. కొన్ని జాతులు లక్షల్లో పెరుగుతున్నాయి, వందల జాతులు చడీచప్పుడు లేకుండా తగ్గిపోతున్నాయి. పెరిగేవి మన పంటను తినేవి. తగ్గేవి గట్ల మీదా బీళ్లలోనూ బతికేవి. పిట్టలు ఎక్కువగా ఆధారపడేది ఈ రెండో గుంపు మీద. అందుకే పొలం నిండా పురుగున్నా కరెంటు తీగ మీద పాలపిట్ట అరుదైపోయింది.

ఇందులో ఎండ పాత్ర ఎంత, కాలువ పాత్ర ఎంత, మందు డబ్బా పాత్ర ఎంత అని విడదీయడం అంత తేలిక కాదు. అయినా ఒక్కొక్కటీ ఎలా పనిచేస్తుందో తెలిస్తే మూడూ కలిసి ఏం చేస్తున్నాయో అర్థమవుతుంది.

పురుగుకు వేడే గడియారం

మనిషి ఒంటి వేడి ఎండాకాలమైనా చలికాలమైనా ఒకటే. పురుగుకు ఆ సౌకర్యం లేదు. బయట ఎంత వేడి ఉంటే దాని ఒళ్లూ అంతే. తినడం, అరగడం, పెరగడం, కుబుసం విడవడం అన్నీ ఆ వేడి మీదే నడుస్తాయి. గుడ్డు ఇన్ని రోజులకు పొదుగుతుంది అని పుస్తకంలో రాసి ఉంటే అది సగటు లెక్క. పురుగు రోజులు లెక్కపెట్టదు, తన ఒంట్లోకి చేరిన వేడిని లెక్కపెడుతుంది.

┌─────────────
పెట్టె: వేడి పొదుపు

డ్వాక్రా సంఘంలో పొదుపు ఊహించుకోండి. రోజూ ఇంటి ఖర్చు పోగా మిగిలిందే జమ అవుతుంది. జమ ఒక మొత్తానికి చేరగానే అప్పు మంజూరవుతుంది. ఎక్కువ మిగిలితే త్వరగా, తక్కువ మిగిలితే ఆలస్యంగా.

కత్తెర పురుగుకు ఆ "ఇంటి ఖర్చు" దాదాపు 12.5 డిగ్రీలు. అంతకంటే చల్లగా ఉంటే దాని పెరుగుదల ఆగిపోతుంది. పైన మిగిలిన ప్రతి డిగ్రీ ఆ రోజు ఖాతాలో పడుతుంది. గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి సుమారు 390 డిగ్రీల జమ కావాలి.

సగటు వేడి 22 డిగ్రీలుంటే రోజుకు తొమ్మిదిన్నర చొప్పున 41 రోజులు పడుతుంది. 28 డిగ్రీలుంటే 25 రోజులు. 30 ఉంటే 22 రోజులు. అంటే ఒక పంటకాలంలో రెండు తరాలు రావాల్సిన చోట నాలుగు తరాలు వస్తాయి. ఒక్కో తల్లి పురుగు వందల్లో గుడ్లు పెడుతుంది కాబట్టి ఒక్క అదనపు తరమంటే చిన్న విషయం కాదు.
└─────────────

ఇది ఎంతవరకైనా సాగే లెక్క కాదు. ముప్పై అయిదు డిగ్రీలు దాటిన కొద్దీ పురుగు నీరసపడుతుంది. ఇంకా పెరిగితే గుడ్లు మాడిపోతాయి. 2024 ఏప్రిల్, మే నెలల్లో నంద్యాల జిల్లాలో పలుచోట్ల 45 డిగ్రీలు దాటిన ఎండకు పురుగుకూ సుఖం లేదు. ఉష్ణదేశాల పురుగుల్లో చాలావాటికి ఇప్పటికే తాము భరించగల హద్దు దగ్గరపడింది. చలిదేశాల పురుగులకు వేడి పెరిగితే మేలే జరగవచ్చు, మన దగ్గర అది కొన్నింటికే మేలు, చాలావాటికి కీడు.

మరి వేడి ఎవరికి లాభం? చలికాలపు రాత్రులను చూడాలి. మార్గశిర, పుష్య మాసాల చలే ఒకప్పుడు పురుగుకు కళ్లెం. రాత్రి వేడి ఒకటి రెండు డిగ్రీలు పెరిగినా ఖాతాలో జమ ఆగకుండా పడుతుంది. దేశం మొత్తం మీద 1901 నుంచి 2018 మధ్య సగటు వేడి 0.7 డిగ్రీల వరకు పెరిగిందని భారత ప్రభుత్వ భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో అంచనా వేసింది. వినడానికి చిన్న అంకె. పొదుపు ఖాతాలో ప్రతిరోజూ పడే అంకె కావడం వల్లే దానికి బలం. సైన్స్ పత్రికలో 2018లో వచ్చిన ఒక అధ్యయనం, భూమి సగటు వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ వరి, గోధుమ, మొక్కజొన్నల్లో పురుగు వల్ల జరిగే నష్టం 10 నుంచి 25 శాతం దాకా పెరగవచ్చని లెక్కగట్టింది.

కాలువ వచ్చాక

వేడి ఒక్కటే అయితే పురుగుకు ఇంత వైభవం ఉండేది కాదు. తినడానికి పచ్చ ఉండాలి కదా.

నల్లమల కొండలకూ కుందూ నదికీ మధ్య పరుచుకున్న ఈ నల్లరేగడి నేలకు కేసీ కాలువ పంతొమ్మిదో శతాబ్దంలోనే వచ్చింది. ఆ తర్వాత తెలుగుగంగ. 1983లో పనులు మొదలైన ఆ పథకంలో వెలుగోడు దగ్గర దాదాపు 17 టీఎంసీల జలాశయం కట్టారు. అక్కడి నుంచి కాలువ బండి ఆత్మకూరు మీదుగా, ఆళ్లగడ్డ వైపుగా, కడప జిల్లా దాకా దిగుతుంది. నీళ్లు వచ్చాయి, బతుకులు మారాయి. దాన్ని తప్పుపట్టే హక్కు కాలువ కింద వరి అన్నం తినే ఎవరికీ లేదు.

కాలువకు ముందు ఈ నేల మీద ఏడాదికి ఒక పంట. జొన్న, కొర్ర, పత్తి, వేరుశనగ. పంట తీశాక ఎండాకాలమంతా బీడు. వేసవి దుక్కిలో మట్టి తిరగబడితే లోపల నిద్రపోతున్న ప్యూపాలు ఎండకు మాడేవి, మిగిలినవి నాగలి వెంట నడిచే కొంగలకూ గోరింకలకూ ఆహారమయ్యేవి. పురుగుకు ఏటా కనీసం మూడు నాలుగు నెలల కరువు. ఇప్పుడు వరి కోయగానే మొక్కజొన్న, ఒక పొలంలో కంకి పాలు పోసుకుంటుంటే పక్క పొలంలో మొలక. అమెరికా ఖండం నుంచి బయల్దేరి ఆఫ్రికా మీదుగా 2018లో కర్ణాటకలో అడుగుపెట్టిన కత్తెర పురుగు ఒకే ఏడాదిలో తెలుగు నేలంతా పాకడానికి కారణం దాని రెక్కల బలం సగమైతే, ఆగకుండా దొరికిన పచ్చని మొవ్వు మిగతా సగం. చలికాలం చల్లబడలేదు, వేసవి బీడు పడలేదు. ఒకటి వాతావరణం చేసింది, ఇంకొకటి మనం చేశాం. ఆ రెండూ కలిసిన చోటే ఉపద్రవం వచ్చింది.

శత్రువే ముందు చస్తాడు

పురుగుకు శత్రువులు లేరా అంటే చాలామంది ఉన్నారు. అక్షింతల పురుగులు, సాలీళ్లు, గొల్లభామలు, తూనీగలు, కంటికి ఆనని గుడ్డు పరాన్నజీవి కందిరీగలు. ట్రైకోగ్రామా అనే కందిరీగ ఇంకొక పురుగు గుడ్డులో తన గుడ్డు పెట్టి దాన్నే తొలిచి బయటికొస్తుంది. అది అర మిల్లీమీటరు ఉంటుందేమో. ఇంత చిన్న ఒళ్లు ఎండకు త్వరగా ఆరిపోతుంది. పైగా పంట పురుగు ఆకు మొవ్వులో, కాయలో, కాండంలో దాక్కుంటుంది. ఈ వేటగాళ్లు మాత్రం వెతుక్కుంటూ బయట తిరగాలి. ఎండ దెబ్బా, మందు దెబ్బా ముందు తగిలేది వాటికే.

పిచికారీ చేసిన వారానికి ఏం జరుగుతుందో రైతుకు తెలుసు. పురుగు తగ్గినట్టే తగ్గి మళ్లీ విజృంభిస్తుంది. వేటగాళ్లను దాదాపు అన్నిటినీ చంపి, పురుగును సగమే చంపితే ఇంకేమవుతుంది? సుడిదోమ విషయంలో ఇది ఆసియా అంతటా రుజువైన సంగతే. వరి మీద అతిగా మందులు కొట్టిన చోటే దోమ పోటు ఎక్కువ. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన నల్ల తామర పురుగు 2021–22లో తెలుగు రాష్ట్రాల మిర్చి తోటలను ఊడ్చిపెట్టినప్పుడు కూడా, మందు మీద మందు కొట్టినకొద్దీ ఫలితం తగ్గుతూ వచ్చింది.

మందు కొట్టిన పొలంలో గట్టు మీది గడ్డిపువ్వుకూ తుంపర తగులుతుంది. ఆ పువ్వు మీది తేనెటీగ, సీతాకోకచిలుక, పేరు కూడా తెలియని చిన్న పెంకు పురుగులు దేనికీ పంటతో సంబంధం లేదు. పెద్దవాళ్లు కనబడటం లేదంటున్న పురుగులు ఇవే. జర్మనీలోని క్రెఫెల్డ్ పట్టణపు కీటక ప్రేమికులు 63 రక్షిత ప్రాంతాల్లో 27 ఏళ్లపాటు వలలు పెట్టి, పడిన ఎగిరే పురుగులను తూకం వేశారు. ఆ తూకం ముప్పావు వంతు పడిపోయిందని 2017లో ప్రకటించారు. అవి పొలాలు కావు, రక్షిత ప్రాంతాలు. వాటి చుట్టూ ఉన్నవి పొలాలు.

ఆరుద్ర కార్తె తప్పితే

రాయలసీమ నేల లోపల ఒక పెద్ద జనాభా వానకోసం కాచుకుని ఉంటుంది. చెదపుట్టల్లో రెక్కలు తొడుక్కున్న ఉసిళ్లు, పేడ పురుగులు, మట్టిలో మిడతలు పెట్టిపోయిన గుడ్ల తిత్తులు, ఆరుద్ర పురుగులు. మృగశిరలో నేల తడిసి మట్టి వేడి తగ్గగానే ఇవన్నీ దాదాపు ఒకే వారంలో బయటికొస్తాయి. ఆ వారం పిట్టలకు పండగ. గిజిగాడు గూడు అల్లేదీ, పసుల పోలిగాడి పిల్లలు గూడు దాటేదీ ఈ అదను చూసే. గిజిగాడు పెద్దయ్యాక గింజలు తిని బతికే పిట్టే. అయినా పిల్లలకు మాత్రం మిడతలూ లద్దె పురుగులూ కావాలి. గింజలో తగినంత దొరకని మాంసకృత్తులు లేకపోతే ఈకలు త్వరగా పెరగవు.

సమస్య ఎక్కడొస్తుందంటే, పురుగు వానను చూసి లేస్తుంది, చాలా పిట్టలు పగటి పొడుగును చూసి సిద్ధమవుతాయి. పగటి పొడుగు ఏ యేడైనా ఒకటే. వాన అలా కాదు. మధ్య భారతంలో 1950 నుంచి 2015 దాకా లెక్క తీస్తే, విస్తారంగా కురిసే అతిభారీ వర్షాలు మూడు రెట్లయ్యాయి. మొత్తం వాన మాత్రం తగ్గింది. అంటే వాన వచ్చే రోజులు తగ్గి, వచ్చిన రోజు ముంచేస్తోంది. రాయలసీమ రైతుకు ఇది లెక్కలు చూపించి చెప్పక్కర్లేదు. మే చివర్లో ఒక గట్టి వాన, ఆపై ఇరవై రోజులు చుక్క లేదు. ఆ మొదటి వానకు లేచిన మిడత పిల్లలు గడ్డి ఎండి చస్తాయి. పిట్ట గుడ్లు పొదిగేసరికి నేల మీద తిండి ఉండదు. రైతు విత్తనం ఎండినట్టే అడవి విత్తనమూ ఎండుతుంది.

ఈ అదను తప్పడం ఎంత దూరం పోతుందో నెదర్లాండ్స్‌లో బాగా లెక్క తీశారు. ఆఫ్రికాలో చలికాలం గడిపి వసంతంలో అక్కడికి చేరే ఒక చిన్న ఈగపట్టు పిట్ట ఉంది. అడవి త్వరగా వేడెక్కి లద్దె పురుగులు ముందే పుట్టి ముందే ముగిసిపోయాయి. పిట్ట మాత్రం ఆఫ్రికాలో పగటి పొడుగు చూసుకుని పాత తేదీకే బయల్దేరింది. పురుగుల అదను బాగా ముందుకు జరిగిన అడవుల్లో ఇరవై ఏళ్లలో ఆ పిట్టలు తొంభై శాతం తగ్గిపోయాయని 2006లో తేలింది. మన దగ్గర ఇంత వివరంగా కొలిచిన పిట్ట తక్కువ. కొలవడానికి ముందే కొన్ని పోయాయి కూడా. అందుకు ఉదాహరణగా ఇక్కడికి దగ్గర్లోనే ఒక చోటుంది.

రోళ్లపాడు

నందికొట్కూరుకు దక్షిణాన, మిడుతూరు మండలంలో రోళ్లపాడు. చెట్టూ చేమా పెద్దగా లేని, మోకాలెత్తు గడ్డి మాత్రమే ఉన్న మెట్టనేల. చూడబోయినవాడికి ఇక్కడేముందని అనిపించే చోటు. బట్టమేక పిట్ట కోసం 1988లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 614 హెక్టార్లు.

బట్టమేక చిన్న పిట్ట కాదు. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. దేశంలో ఎగిరే పిట్టల్లో ఇంత బరువైనవి అరుదు. గడ్డిలో మెల్లగా నడుస్తూ మిడతలు, పెంకు పురుగులు, గింజలు, తొండలు ఏరుకు తింటుంది. వానాకాలంలో నేల మీదే, గూడు కూడా కట్టకుండా, సాధారణంగా ఒక్క గుడ్డు పెడుతుంది. ఆ ఒక్క గుడ్డును కుక్క తిన్నా, గొర్రెల మంద తొక్కినా, ట్రాక్టరు నడిచినా ఆ యేటికి అంతే. 1980ల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఇక్కడ ఏళ్ల తరబడి మకాం వేసి దాని బతుకు రాసిపెట్టారు. ఇప్పుడు రోళ్లపాడులో బట్టమేక లేదు. దేశం మొత్తం మీద మిగిలినవి నూటయాభై లోపేనని అంచనా, వాటిలో చాలా భాగం రాజస్థాన్ ఎడారిలో.

ఎవరూ వరుసపెట్టి కాల్చి చంపలేదు. కంచె లోపలి 614 హెక్టార్లు అలాగే ఉన్నాయి. మారింది కంచె బయట. బట్టమేకకు అభయారణ్యం కేవలం గుడ్డు పెట్టే చోటు, తిండికి అది చుట్టుపక్కల జొన్న, కొర్ర చేలలో, బీళ్లలో మైళ్ల కొద్దీ తిరుగుతుంది. పక్కనే అలగనూరు జలాశయం వచ్చింది. నీళ్లు, బోర్లు, పత్తి, పొద్దుతిరుగుడు, పొగాకు వచ్చాయి. మెట్ట జొన్న పోయింది, బీడు పోయింది. మిడత పోవడం వీటన్నిటి మధ్యలో ఎవరూ గమనించని సంగతి.

మిడత తోక భాగాన్ని మట్టిలోకి దింపి, నురుగుతో కట్టిన తిత్తిలో గుడ్లు పెడుతుంది. ఆ తిత్తి నెలల తరబడి, ఒక్కోసారి మరుసటి తొలకరి దాకా, కదలకుండా ఉండాలి. ఏటా రెండు మూడుసార్లు దున్నే నేలలో అది బతకదు. దున్నని గట్టు, మేతబీడు, కొండవాలు ఉంటేనే మిడతకు సంతతి. రెవెన్యూ రికార్డులో బంజరు అని రాసేది సరిగ్గా ఈ నేలనే. ఎవరికీ అక్కర్లేని భూమి అని ప్రభుత్వాలు పంచిన, పరిశ్రమలకిచ్చిన, చివరికి వనమహోత్సవం పేరుతో చెట్లు నాటిన నేల ఇదే. గడ్డిభూమిలో చెట్టు నాటడం మంచి పని అని నమ్మేవాళ్లకు రోళ్లపాడును ఒకసారి చూపించాలి. బట్టమేక దూరం నుంచే శత్రువును చూసి బతికే పిట్ట. సర్కారు తుమ్మ పొదలు కమ్ముకున్న చోట అది కాలు పెట్టదు.

ఇంకో మలుపు ఉంది. రక్షణ దొరకడంతో కృష్ణజింకలు బాగా పెరిగి చుట్టుపక్కల చేలలో పడ్డాయి. పంట నష్టపోయిన రైతుకు అభయారణ్యం మీద ప్రేమ ఎందుకుంటుంది? బట్టమేకకు చుట్టూ ఉన్న చేలే ఆధారం, ఆ చేల యజమానులే దానికి దూరమయ్యారు. కాగితం మీద రక్షణ ఉన్న చోట పిట్ట పోవడానికి ఇంతకంటే పెద్ద కుట్ర అక్కర్లేదు.

┌─────────────
పెట్టె: పిల్లిగద్ద కక్కిన ఉండ

రోళ్లపాడుకు ఇంకో అతిథి ఉంది. కజకిస్తాన్, రష్యా గడ్డి మైదానాల్లో పిల్లలను పెంచి, అక్టోబరుకల్లా వేల కిలోమీటర్లు ఎగిరి ఇక్కడికొచ్చే పిల్లిగద్దలు. నేలకు రెండు మూడు గజాల ఎత్తున రెక్కలు చాచి తేలుతూ వేటాడతాయి. పొద్దు గూకగానే వందల సంఖ్యలో ఒకేచోట చేరి, చెట్టెక్కకుండా గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. పగలంతా ఒంటరి, రాత్రి మాత్రం మంద.

తెల్లవారి అవి లేచిపోయాక ఆ చోట వేలెడంత ఉండలు దొరుకుతాయి. అరగనివన్నీ గద్ద ఉండ కట్టి నోటితో కక్కేస్తుంది. ఆ ఉండను నీళ్లలో నానబెట్టి పట్టకారుతో విడదీస్తే లోపల ఎలుక వెంట్రుకలు, చిన్న పిట్టల ఈకలు, వీటితోపాటు పుట్టలుగా మిడత కాళ్లు, దవడలు. దవడలు లెక్కపెట్టి రెండుతో భాగిస్తే రాత్రి కడుపులో ఎన్ని మిడతలున్నాయో తెలుస్తుంది. పరిశోధకులకు ఇంతకంటే చవకైన పరికరం లేదు.

మిడత తగ్గితే ఆ ఉండలూ తగ్గుతాయి. బెంగళూరులోని ఏట్రీ సంస్థ పరిశోధకులు దేశంలోని పిల్లిగద్దల రాత్రి మకాములను ఏళ్లుగా గమనిస్తున్నారు. పాత లెక్కలతో పోలిస్తే చాలాచోట్ల తగ్గుదలే. కజకిస్తాన్‌లో ఎన్ని పిల్లలు పెరిగినా చలికాలపు తిండి మన శనగ చేల గట్లలోనే ఉండాలి.
└─────────────

ఆళ్లగడ్డ దాటి ఇంకా కిందికి, కడప జిల్లా లంకమల పొదల్లో కలివికోడి కథా ఇలాంటిదే. 1848 ప్రాంతంలో పక్షి శాస్త్రవేత్త జెర్డాన్ ప్రపంచానికి చెప్పిన ఆ రాత్రిపిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అందరూ రాసుకున్నారు. 1986లో రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. దాని తిండి చెదలు, చీమలు. తెలుగుగంగ కాలువ తవ్వకం దాని పొదల దాకా వచ్చినప్పుడు పెద్ద గొడవై కాలువ దారి మార్చారు. బండి ఆత్మకూరు పొలం తడిపే పథకమే అక్కడ కలివికోడి పొద అంచు దాకా పోయింది.

పలకల మీద గుడ్లు

గడివేముల, ఓర్వకల్లు మండలాల్లోని గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. అప్పటికి ప్రపంచంలో అతిపెద్దవాటిలో ఒకటి. పాణ్యం మండలం పిన్నాపురంలో నీటిని ఎత్తిపోసి కరెంటు దాచుకునే ఇంకో భారీ ప్రాజెక్టు వచ్చింది. వాతావరణం వేడెక్కకుండా ఉండాలంటే ఇవి కావాల్సిందే. అయితే ఇవి లేచింది ఎక్కడ? రాళ్లూ గడ్డీ ఉన్న మెట్ట మీద, అంటే బంజరు మీద.

పలకలు నేలను కప్పడం ఒక సంగతి. ఇంకొకటి అంత తేలిగ్గా తట్టనిది. మేఫ్లై వంటి నీటి పురుగులు నీటిని తడిని బట్టి గుర్తుపట్టవు. నున్నటి నీటి మీద పడి తిరిగొచ్చే వెలుతురు ఒకే తలంలో కంపిస్తుంది, వాటి కళ్లు దాన్ని చూస్తాయి. నల్లటి సోలార్ పలక అలాంటి వెలుతురును చెరువుకంటే గట్టిగా వెనక్కి పంపుతుంది. పురుగు అది నీరే అనుకుని గుడ్లు పెట్టేస్తుంది, గుడ్లు ఎండిపోతాయి. హంగేరీ పరిశోధకులు 2010లో దీన్ని చూపించారు, పరిష్కారం కూడా వాళ్లే చెప్పారు. పలక మీద సన్నని తెల్ల గీతలు గీసి గళ్లుగా విడగొడితే ఆ ఆకర్షణ బాగా పడిపోతుంది.

కరెంటు తీగలు బట్టమేకకు ప్రాణాంతకం. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా చూపు తక్కువ, ఒళ్లు బరువు, చివరి క్షణంలో పక్కకు తప్పుకోలేదు. రాజస్థాన్‌లో ఈ తీగలను భూమిలోకి దించాలా వద్దా అన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021లో దించమన్న కోర్టు 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. రోళ్లపాడు విషయంలో ఆ వాదనకు ఇక అవసరం లేకుండా పోయింది.

పిట్టల్లోనూ గెలిచినవాళ్లు

పురుగుల్లో కొన్నే పెరిగినట్టు పిట్టల్లోనూ కొన్నే పెరిగాయి. నెమలి చేలలో పడుతోందన్న ఫిర్యాదు ఇప్పుడు ప్రతి ఊరిలోనూ ఉంది. పావురాలు నంద్యాల అపార్ట్‌మెంట్ల బాల్కనీలు ఖాళీ చెయ్యవు. ఏదైనా తిని, ఎక్కడైనా గూడు పెట్టగల పిట్టకు ఢోకా లేదు.

దేశంలోని పక్షి ప్రేమికులు నమోదు చేసిన కోట్ల పరిశీలనలను కూడి 2023లో "స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్" నివేదిక తయారు చేశారు. 942 జాతులను పరిశీలించారు. దీర్ఘకాలపు ధోరణి చెప్పగలిగినవి 338. వాటిలో 204 తగ్గాయి, 98 నిలకడగా ఉన్నాయి, 36 మాత్రమే పెరిగాయి. తగ్గినవాటిలో గడ్డినేలల పిట్టలు, పురుగులు తినే పిట్టలు, గద్దలు ముందున్నాయి. దసరా రోజు చూస్తే శుభమని ఊళ్లన్నీ వెతికే పాలపిట్ట ఆ పట్టికలోనే ఉంది. దాని స్థితిని అంతర్జాతీయ ఎర్ర జాబితాలో మళ్లీ పరిశీలించాలని ఆ నివేదిక సూచించింది. ఆంధ్రప్రదేశ్ 2018లో రాష్ట్ర పక్షిగా పాలపిట్టను వదిలి రామచిలుకను పెట్టుకుంది, తెలంగాణ అలాగే ఉంచుకుంది. పాలపిట్టకు రాష్ట్రం కంటే మొండి తాటిచెట్టు ముఖ్యం. ఎండిన తాటి మొద్దు తొర్రలో గుడ్లు పెడుతుంది, తీగ మీదో మోడు మీదో కూర్చుని కిందికి దూకి మిడతనో పేడ పురుగునో పట్టుకుంటుంది. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చాక పొలంలో పేడ తగ్గింది. పేడ తగ్గితే పేడ పురుగు తగ్గింది. తాటిచెట్లూ పోయాయి. పసుల పోలిగాడు కూడా గేదె వీపు మీద కూర్చునేది సరదాకు కాదు, గేదె నడుస్తుంటే గడ్డిలోంచి లేచే పురుగు కోసమే.

శనగ చేలో కర్రలు

అక్టోబరు వానలు ఆగి రేగడి ఆరుతుండగా నంద్యాల, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల శనగ విత్తుతారు. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ధీర వంటి రకాలు ఇక్కడ విస్తారంగా పండుతాయి. శనగకు పెద్ద శత్రువు పచ్చపురుగు. దాన్ని మందుతోనే కాకుండా అదుపు చేయడానికి వ్యవసాయ శాఖ ఏళ్లుగా చెబుతున్న ఒక పద్ధతి, ఎకరాకు ఇరవై దాకా టీ ఆకారంలో కర్రలు నాటడం. పక్షి స్థావరాలు అంటారు. పిట్ట కూర్చోవడానికి మోడు లేని చోట మోడు పెట్టడం.

కర్ర పాతినంత మాత్రాన పిట్ట రాదు. ఇది సలహా ఇచ్చేవాళ్లు కొంత దాటవేసే సంగతి. పచ్చపురుగు డిసెంబరు, జనవరిలో ఒక నెల రెండు నెలలు ఉంటుంది. పోలిగాడు ఏడాదంతా బతకాలి. మిగతా పది నెలలు దానికి మిడత, చెద, పేడ పురుగు, గట్టు మీది రెక్కల పురుగు ఉండాలి. ఆ గట్టును అంగుళం అంగుళం చెక్కి కలుపు మందు కొట్టిన ఊరిలో కర్రలు ఖాళీగా నిలబడతాయి. గట్టును గజం వెడల్పు వదిలి జొన్నో సజ్జో రెండు వరుసలు వేసుకున్న చోట, వేసవిలో నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచిన ప్రకృతి సేద్యపు పొలాల్లో సంగతి వేరు. నంద్యాల కేంద్రమే సూర్యనంది వంటి కొర్ర రకాలు ఇచ్చింది. కొర్రకు మళ్లీ గిరాకీ వస్తున్న కాలం ఇది. నీరు తక్కువ, మందు దాదాపు అక్కర్లేదు, కోత అయ్యాక మిగిలే కొయ్యకాళ్లలో మిడతకు చోటు. ధర నిలబడితే రైతు వేస్తాడు, లేకపోతే మొక్కజొన్నకే పోతాడు. పిట్ట కోసం ఎవరూ పంట మార్చరు, మార్చమని అడగడం కూడా న్యాయం కాదు.

కర్రలు పెట్టేవాళ్లు రెండు జాగ్రత్తలు పాటించాలి. కర్ర పైరు కంటే కనీసం ఒకటిన్నర అడుగు ఎత్తు ఉండాలి, లేకపోతే పిట్టకు కింద ఏముందో కనబడదు. పక్క చేలో జొన్న, కొర్ర గింజ పట్టే దశకు రాగానే ఆ వైపు కర్రలు తీసేయాలి. అప్పటిదాకా పురుగు తిన్న పిట్టల వెనకే గింజ తినేవి వచ్చి కూర్చుంటాయి.